మన మెదడులో ఊరి పటం

రాత్రి భోజనాలయ్యాక కరెంటు పోతుంది. ఇల్లంతా చీకటి. అయినా అమ్మ లేచి, మంచం కోడు కాలికి తగలకుండా పక్కకు జరిగి, గడప దగ్గర అడుగు ఎత్తి వేసి, వంటింట్లో రెండో అరమీద ఉన్న అగ్గిపెట్టెను సరిగ్గా అందుకుంటుంది. కళ్ళకు ఏమీ కనబడటం లేదు గదా, మరి ఆమెకు దారి చూపింది ఏమిటి? 'అలవాటు' అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ అలవాటు వెనుక మెదడులో ఒక పటం ఉంది. బడి గోడమీద జిల్లా పటం వేలాడినట్లే, మన ఇంటికీ వీధికీ ఊరికీ మెదడు తనకు తానే ఒక పటం తయారు చేసుకుని దాచుకుంటుంది.

ఆస్పత్రి పత్రికలో ఈ పటం గురించి ఎందుకు అంటారేమో. మా ఓపీకి వచ్చే కుటుంబాల నుంచి మేము తరచు వినే మాట ఒకటుంది. "నాన్నగారు ముప్ఫై ఏళ్ళుగా నడిచిన దారేనండీ. మొన్న మార్కెట్టు మలుపు దగ్గర ఎటు పోవాలో తెలియక నిలబడిపోయారు. తెలిసినవాళ్ళు చూసి ఇంటికి తీసుకొచ్చారు. వయసైపోయింది గదా, మామూలే అనుకున్నాం." ఇలా అనుకోవడంలోనే కొందరికి ఏడాది, రెండేళ్ళు గడిచిపోతాయి. తెలిసిన దారి తప్పడం మామూలు సంగతి కాదని చెప్పడానికే ఈ వ్యాసం. ఎందుకు కాదో అర్థం కావాలంటే, ముందు ఆ పటం ఎలా తయారవుతుందో, దానికీ జ్ఞాపకానికీ సంబంధం ఏమిటో తెలుసుకోవాలి.

ఎలుకలు నేర్పిన పాఠం

దారి నేర్చుకోవడమంటే 'ఇక్కడ కుడికి, అక్కడ ఎడమకు' అని కాళ్ళకు అలవాటు కావడమేననీ, తిండి ఆశ ఉంటేనే జంతువు నేర్చుకుంటుందనీ ఒకప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు నమ్మేవారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎడ్వర్డ్ టోల్మన్‌కు ఆ నమ్మకం లేదు. 1930లో ఆయన, హాన్‌జిక్ అనే సహచరుడు కలిసి ఎలుకలను చిక్కుదారుల పెట్టెలో వదిలి చూశారు. ఒక గుంపుకు రోజూ దారి చివర తిండి పెట్టారు. అవి రోజురోజుకూ తప్పులు తగ్గించుకుంటూ వచ్చాయి. ఇంకో గుంపుకు అక్కడ ఏమీ పెట్టలేదు. అవి ఊరికే తిరిగాయి. మూడో గుంపుకు మొదటి 10 రోజులు ఏమీ పెట్టకుండా, 11వ రోజు నుంచి తిండి పెట్టారు. మరునాటికే ఈ మూడో గుంపు, మొదటినుంచీ తిండి తిన్న ఎలుకలతో సమానంగా దారి పట్టేసింది.

అంటే ఆ 10 రోజులూ అవి ఊరికే తిరగలేదు. ఎవరూ ఆశ చూపకపోయినా లోపల దారులన్నీ గుర్తుపెట్టుకుంటూనే ఉన్నాయి. అవసరం వచ్చినప్పుడు బయటపెట్టాయి. జంతువులకూ మనుషులకూ మెదడులో ఒక పటం ఉంటుందని 1948లో టోల్మన్ ఒక వ్యాసంలో రాశారు. నాన్న సైకిలు ముందు కూర్చుని రోజూ బడికి వెళ్ళే పిల్లవాడికి ఎవరూ దారి నేర్పరు. ఒకరోజు నాన్న వేరే సందులోకి తిప్పితే మాత్రం "ఇటు కాదు నాన్నా" అని వెంటనే అంటాడు. వాడి లోపల పటం అప్పటికే సిద్ధమైపోయింది.

జ్ఞాపకం పోయిన ఒక యువకుడు

ఈ పటం మెదడులో ఎక్కడుంటుందో తెలియడానికి ఇంకా చాలాకాలం పట్టింది. దారి చూపింది హెన్రీ మొలైసన్ అనే ఒక రోగి. ఆయన బతికున్నంతకాలం వైద్య గ్రంథాల్లో 'హెచ్.ఎం.' అనే అక్షరాలతోనే ప్రస్తావించారు. అమెరికాకు చెందిన ఈయనకు తీవ్రమైన మూర్ఛ వ్యాధి ఉండేది. మందులకు లొంగలేదు. 1953లో, ఆయనకు 27 ఏళ్ళప్పుడు, విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు మెదడులో రెండు కణతల లోపలివైపు భాగాన్ని తీసివేశారు. ఆ భాగంలోనే 'హిప్పోకాంపస్' ఉంటుంది. సముద్రపు గుర్రం అనే చిన్న చేప ఆకారంలో ఉంటుంది గనుక దానికి ఆ పేరు వచ్చింది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటాయి.

మూర్ఛలు బాగా తగ్గాయి. కానీ ఎవరూ ఊహించని నష్టం జరిగింది. మొలైసన్ మాట బాగానే ఉంది, తెలివి బాగానే ఉంది, చిన్ననాటి సంగతులు గుర్తున్నాయి. కొత్త సంగతి ఏదీ మాత్రం నిలవడం లేదు. రోజూ చూసే ఆస్పత్రి సిబ్బందిని గుర్తుపట్టలేకపోయారు. వార్డులో స్నానాలగదికి దారి కూడా కనుక్కోలేకపోయారు. తరువాత ఆయన కుటుంబం అదే వీధిలో కాస్త దూరంలో ఉన్న మరో ఇంటికి మారింది. నెలలు గడిచినా ఆయనకు కొత్త ఇంటి చిరునామా రాలేదు. ఒంటరిగా పంపితే పాత ఇంటికే వెళ్ళేవారు. బ్రెండా మిల్నర్ అనే మనోవైజ్ఞానిక శాస్త్రవేత్త ఆయనను ఏళ్ళ తరబడి ఎంతో ఓపికగా పరిశీలించారు. మొలైసన్ 2008లో కన్నుమూశారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆయనకు జ్ఞాపకం, దారి రెండూ ఒకేసారి పోయాయి. ఇవి రెండూ వేర్వేరు పెట్టెల్లో దాచిన వస్తువులు కావు. ఒకే చోట, ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి.

చోటు కణాలు, చుక్కల ముగ్గు

1971లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో జాన్ ఓకీఫ్, ఆయన విద్యార్థి డోస్ట్రోవ్‌స్కీ వెంట్రుక కంటే సన్నని తీగలను ఎలుక హిప్పోకాంపస్‌లో అమర్చి, అది తిరుగుతుండగా ఒక్కో కణం ఎప్పుడు పలుకుతుందో విన్నారు. ఎలుక ఒక మూలకు వచ్చినప్పుడే ఒక కణం చురుగ్గా పనిచేస్తోంది. ఆ చోటు దాటగానే ఊరుకుంటోంది. ఇంకో కణం ఇంకో చోట పలుకుతోంది. వీటికి 'చోటు కణాలు' అని పేరు పెట్టవచ్చు. ఒక్కో కణం 'నువ్విప్పుడు ఇక్కడున్నావు' అని చెబుతుంది. గది మారితే అవే కణాలు మరో విధంగా జతకూడి ఆ గదికి కొత్త పటం తయారు చేస్తాయి.

పటం ఉంటే సరిపోదు, దిక్కు తెలియాలి. తల ఎటు తిరిగి ఉందో చెప్పే కణాలను 1984లో జేమ్స్ రాంక్ అనే శాస్త్రవేత్త గుర్తించారు. ఇవి మనలోపలి దిక్సూచి. ఇక దూరం తెలియాలి. 2005లో నార్వే దేశంలోని ట్రాండ్‌హైమ్‌లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ బృందం హిప్పోకాంపస్ పక్కనే ఉండే 'ఎంటోరైనల్ కార్టెక్స్' అనే భాగంలో ఒక వింత చూసింది. అక్కడి ఒక్కో కణం ఒక్క చోట కాక, నేలమీద సమాన దూరాల్లో ఉన్న అనేక చోట్ల పలుకుతోంది. ఆ చోట్లన్నీ కాగితం మీద గుర్తు పెడితే, మన ఆడవాళ్ళు వాకిట్లో సందు చుక్కలు పెట్టినట్లే వచ్చింది. ఒక వరుసలోని రెండు చుక్కల నడుమ సందుకు ఎదురుగా తరువాతి వరుస చుక్క. ముగ్గు గీయాలంటే ముందు చుక్కలు పెట్టుకోవాలి గదా! మెదడు కూడా మనం నడిచే నేలమీద ఇలాంటి చుక్కలు పెట్టుకుని దూరాలు కొలుచుకుంటుంది.

ఈ పరిశోధనలకు 2014లో ఓకీఫ్‌కూ మోసర్ దంపతులకూ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది ఎలుకల సంగతే కదా అనుకోవద్దు. మూర్ఛ వ్యాధి చికిత్స కోసం మెదడులో తీగలు అమర్చిన రోగుల్లో, వారి సమ్మతితో పరిశీలించినప్పుడు మనుషుల్లోనూ చోటు కణాలు, చుక్కల పద్ధతిలో పనిచేసే కణాలు కనిపించాయి.

చోటుకు కట్టిన జ్ఞాపకం

మీ పెళ్ళి రోజు ఒక్కసారి గుర్తు చేసుకోండి. ముందు ఏం వచ్చింది? పందిరి ఎక్కడ వేశారు, వంటలు ఏ మూల చేశారు, మీరు ఎటువైపు కూర్చున్నారు, ఇవే ముందు కళ్ళకు కడతాయి. తరువాత మనుషులు, మాటలు ఒక్కొక్కటిగా వస్తాయి. ఏ సంగతైనా ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరున్నారు అనే మూడింటినీ హిప్పోకాంపస్ ఒక ముడిగా వేస్తుంది. అందుకే గదిలోంచి ఏదో తేవడానికి వెళ్ళి మరచిపోతే, బయలుదేరిన చోటికి తిరిగి వస్తే చటుక్కున గుర్తొస్తుంది.

ఈ ముడి గట్టిపడడానికి నిద్ర కావాలి. పగలు ఎలుక ఒక చోట నుంచి ఇంకో చోటికి తిరుగుతున్నప్పుడు కలిసి పలికిన కణాలు, అది నిద్రపోయాక మళ్ళీ కలిసి పలుకుతున్నాయని 1994లో విల్సన్, మెక్‌నాటన్ గమనించారు. పగటి పాఠాన్ని రాత్రి మెదడు మళ్ళీ వల్లె వేసుకుంటుందన్నమాట. పరీక్షల ముందు తెల్లవార్లూ మేలుకుని చదివే పిల్లలు, వారిని మేల్కొలిపే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. నిద్ర మాని చదివిన చదువు, ఎండబెట్టకుండా డబ్బాకెత్తిన ధాన్యం లాంటిది.

పిల్లలకు మరో ఉపాయం చెబుతాం. గుర్తుంచుకోవలసిన అంశాలను ఇంటినుంచి బడికి వెళ్ళే దారిలో ఒక్కో చోట మనసులో పెట్టుకోవాలి. గేటు దగ్గర మొదటి అంశం, బోరింగు పంపు దగ్గర రెండోది, కిళ్ళీ కొట్టు దగ్గర మూడోది. పరీక్షలో ఆ దారివెంట మనసులో నడిస్తే ఒక్కొక్కటి దొరుకుతుంది. ఇది చాలా ప్రాచీనమైన పద్ధతి. 2017లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మామూలు యువతీయువకులు రోజుకు అరగంట చొప్పున ఆరు వారాలు ఇలా సాధన చేశారు. 72 మాటల జాబితాలో మునుపటి కంటే సగటున సుమారు 35 మాటలు ఎక్కువ గుర్తుంచుకోగలిగారు.

రేపటి పనికీ ఇదే పటం

పటం గడిచిన దారికే కాదు, పోబోయే దారికీ ఉపయోగపడుతుంది. దారి చీలిన చోట ఎలుక కాసేపు ఆగి అటూ ఇటూ చూస్తుంది. ఆ క్షణంలో దాని చోటు కణాలు ముందు కుడి దారి వెంట, తరువాత ఎడమ దారి వెంట వరుసగా పలుకుతాయని 2007లో తెలిసింది. కాలు కదపకుండానే అది రెండు దారులనూ మనసులో నడిచి చూసుకుంటోంది.

మనమూ అంతే. "ముందు బ్యాంకుకు వెళ్ళి, అటునుంచి మందుల షాపులో ఆగి, వచ్చేటప్పుడు కూరలు తెస్తాను" అనుకోవడంలో ఊరంతా ఒకసారి మనసులో తిరిగి వస్తాం. 2007లోనే డెమిస్ హసాబిస్, ఎలియనార్ మాగ్వైర్ బృందం లండన్‌లో మరో సంగతి బయటపెట్టింది. హిప్పోకాంపస్ దెబ్బతిన్న రోగులను, 'మీరు సముద్రపు ఒడ్డున పడుకుని ఉన్నారనుకోండి, ఏం కనబడుతోందో చెప్పండి' అని అడిగారు. మిగతావారు అలలు, ఇసుక, పడవలు అని ఒక దృశ్యంగా చెప్పగా, ఈ రోగుల్లో ఎక్కువమందికి విడివిడి ముక్కలే వచ్చాయి. నిన్నటి జ్ఞాపకం పోయినవారికి రేపటి ఊహ కూడా చెదిరిపోతుంది. పనులు వరుసగా పేర్చుకోవడంలో నుదుటి వెనుక భాగం పాత్ర కూడా ఉంది గానీ, దానికి సరంజామా అందించేది ఈ పటమే.

మామ్మగారు ఒకప్పుడు నలభై మందికి ఒంటిచేత్తో వండిపెట్టేవారు. ఇప్పుడు నలుగురికి వండాలన్నా ఏది ముందో ఏది వెనుకో తోచక పొయ్యి దగ్గర నిలబడిపోతున్నారు. ఇంట్లోవాళ్ళు దాన్ని బద్ధకం అనుకుంటారు. బద్ధకం కాకపోవచ్చు.

వాడితే పదును

లండన్‌లో టాక్సీ నడిపే లైసెన్సు కావాలంటే నగరం నడిబొడ్డు చుట్టూ ఆరు మైళ్ళ పరిధిలోని సుమారు 25,000 వీధులు కంఠతా రావాలి. దీనికి మూడు, నాలుగేళ్ళు పడుతుంది. మాగ్వైర్ బృందం 2000లో ఈ డ్రైవర్ల మెదడు స్కానింగులు చూసింది. వారి హిప్పోకాంపస్ వెనుక భాగం మిగతావారికన్నా పెద్దదిగా ఉంది. పుట్టుకతోనే అలా ఉందేమో అన్న సందేహం తీర్చడానికి, శిక్షణలో చేరినవారిని మొదటినుంచీ పరిశీలించి 2011లో ఫలితం ప్రకటించారు. మొదట అందరికీ ఒకేలా ఉంది. వీధులు నేర్చుకుని పరీక్ష నెగ్గినవారిలోనే ఆ భాగం పెరిగింది. పెద్దవయసు వచ్చాక మెదడు మారదన్న పాత మాట తప్పని తేలింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2017లో మరో లండన్ పరిశోధనలో, వీధుల్లో దారి తామే వెతుక్కునేవారి హిప్పోకాంపస్ చురుగ్గా పనిచేసింది. యంత్రం 'కుడికి తిరగండి' అని చెబితే తిరిగినప్పుడు ఆ చురుకు కనబడలేదు. సెల్‌ఫోన్‌లో దారి చూసుకోవడం తప్పు కాదు. ఎప్పుడూ దానిమీదే ఆధారపడకుండా, తెలిసిన ఊళ్ళోనైనా దారి మనమే పట్టుకుంటే మంచిది.

పటం చెరిగిపోతున్నప్పుడు

ఇక అసలు విషయానికి వద్దాం. పెద్దవారిలో మతిమరుపు తెచ్చే వ్యాధుల్లో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. ఆ వ్యాధి మెదడులో మొట్టమొదట దెబ్బతీసే భాగాల్లో ఒకటి ఎంటోరైనల్ కార్టెక్స్, అంటే చుక్కల ముగ్గు ఉన్న చోటే. అక్కడినుంచి హిప్పోకాంపస్‌కు పాకుతుంది. అందుకే మాట, మర్యాద, పాత జ్ఞాపకాలు బాగానే ఉన్న రోజుల్లోనే దారి తప్పడం మొదలుకావచ్చు. మార్కెట్టు మలుపు దగ్గర నాన్నగారు నిలబడిపోవడం వెనుక కారణం ఇదీ కావచ్చు. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి మతిమరుపు వ్యాధి ఉందని 2023లో ప్రచురించిన ఒక పెద్ద సర్వే అంచనా వేసింది.

మామూలు మరపుకూ వ్యాధికీ తేడా ఇలా గుర్తించండి.

కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరచిపోయి వెతుక్కోవడం మామూలే. కళ్ళజోడు బియ్యం డబ్బాలో పెట్టి, ఎలా వెళ్ళిందో తెలియకపోవడం హెచ్చరిక.

కొత్త ఊళ్ళో దారి తప్పడం మామూలే. సొంత వీధిలో తప్పడం హెచ్చరిక.

ఒక మనిషి పేరు వెంటనే రాకపోయి తరువాత గుర్తుకు రావడం మామూలే. అడిగిందే పది నిమిషాల్లో మళ్ళీ మళ్ళీ అడగడం, అడిగినట్లు కూడా తెలియకపోవడం హెచ్చరిక.

హెచ్చరిక కనబడితే అది అల్జీమర్సే అని భయపడి ఇంట్లో కూర్చోవద్దు. నయం చేయగల కారణాలు చాలా ఉన్నాయి. విటమిన్ బి12 తగ్గడం, థైరాయిడ్ తగ్గడం, రక్తంలో సోడియం పడిపోవడం, నిద్రమాత్రలు, మనోవ్యాకులత, వినికిడి తగ్గడం వల్ల కూడా మనిషి అయోమయంగా కనబడతారు. కొన్ని వారాల క్రితం జారిపడి తలకు తగిలిన దెబ్బ వల్ల మెదడు పైపొరలో నెమ్మదిగా రక్తం చేరవచ్చు. చిన్న దెబ్బే గదా అని ఇంట్లోవాళ్ళు మరచిపోతారు. అందుకే మేము రక్తపరీక్షలు, అవసరమైతే స్కానింగు రాస్తాం. అనవసరపు ఖర్చు అనుకోవద్దు. అల్జీమర్స్ అని తేలినా, దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు గానీ, కొంతకాలం లక్షణాలు తగ్గించే మందులున్నాయి. ముందే తెలిస్తే ఇంటి వ్యవహారాలు, ఆస్తి కాగితాలు ఆయన ఇష్టప్రకారమే చక్కబెట్టుకునే వ్యవధి దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈరోజు హఠాత్తుగా అయోమయంలో పడితే అది అత్యవసరం. మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం, షుగరు పడిపోవడం, పక్షవాతం వంటివి కారణం కావచ్చు. ఓపీ రోజు కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

ఇంట్లో మనం చేయగలిగింది

పెద్దవారి మంచం, బీరువా, కుర్చీ తరచు చోటు మార్చవద్దు. పండగకు ఇల్లు సర్దుతూ మనం సరదాగా జరిపే మంచం, వారికి ఉన్న కాస్త పటాన్ని తుడిచేస్తుంది. మంచం నుంచి స్నానాలగదికి రాత్రంతా చిన్న లైటు ఉంచండి. ఆ గది తలుపుమీద ఒక బొమ్మ అంటించండి.

పేరు, ఇంటి చిరునామా, మీ ఫోను నంబరు రాసిన చీటీ జేబులోనో కొంగులోనో ఎప్పుడూ ఉండేలా చూడండి. వీధి చివర కిరాణా కొట్టువారికి, రిక్షా, ఆటోవారికి ఒక మాట చెప్పి ఉంచండి. దాచిపెట్టడం వల్ల పరువు దక్కదు, మనిషి తప్పిపోతాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసరవద్దు. మాట నిలవకపోవచ్చు గానీ, కసురుకున్న బాధ నిలుస్తుంది. సొంత ఇంట్లోనే కూర్చుని "మా ఇంటికి వెళ్తాను" అంటే, ఇదే మీ ఇల్లని వాదించకండి. చిన్ననాటి ఇల్లు వారి పటంలో ఇంకా చెరగలేదు. "ఆ ఇంట్లో బావి ఎటువైపు ఉండేది అమ్మమ్మా?" అని అడగండి. కాసేపు ఆ ఇంట్లో తిరిగి స్థిమితపడతారు.

ఆస్పత్రిలో చేర్చినప్పుడు పెద్దవారు రాత్రిపూట అయోమయపడడం తరచు చూస్తాం. వారి పటంలో ఈ వార్డు లేదు. కళ్ళజోడు, వినికిడి యంత్రం, ఇంటి దుప్పటి తెచ్చి పెట్టండి. తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండండి. ఇప్పుడెక్కడున్నారో, ఏ పూటో మెల్లగా చెబుతూ ఉండండి.

ఇంకా వ్యాధి రానివారు చేయవలసింది కూడా ఉంది. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవారిపై చేసిన పరిశోధనలో, వారానికి మూడు రోజులు 40 నిమిషాల చొప్పున ఏడాదిపాటు నడిచినవారి హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. నడవకుండా ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో కాస్త తగ్గింది. బి.పి., షుగరు, కొలెస్టరాలు అదుపు, వినికిడి, చూపు సరిచేయించుకోవడం, పొగతాగడం మానడం, నలుగురితో కలిసి ఉండడం వంటివాటి ద్వారా ప్రపంచంలోని మతిమరుపు వ్యాధుల్లో సుమారు 45 శాతాన్ని ఆపడమో ఆలస్యం చేయడమో సాధ్యం కావచ్చని 2024లో నిపుణుల సంఘం ఒకటి అంచనా కట్టింది.

కాబట్టి ఈ వారంలో ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవారిని సాయంత్రం నడకకు తీసుకెళ్ళండి. మీరు ముందు నడవకుండా, పక్కన నడుస్తూ, దారి వారినే చూపమనండి. చక్కగా చూపితే సంతోషం, నడకా అయింది, కబుర్లూ అయ్యాయి. ఏదైనా మలుపు దగ్గర తడబడితే ఏమీ అనకుండా చేయి పట్టుకుని ఇంటికి తీసుకురండి. మరునాడు వాడుతున్న మందులన్నీ, పాత రిపోర్టులన్నీ ఒక సంచిలో పెట్టుకుని మా ఓపీకి రండి. ఎప్పటినుంచి, ఎక్కడెక్కడ తడబడ్డారో ఒక కాగితం మీద రాసి తెస్తే మాకు ఎంతో సాయం చేసినవారవుతారు.